ఇంట్లో బ్యాలే బార్ సాధన: పాదాలు ఎంత తెరవాలి, మోకాలు ఎందుకు నొస్తుంది

ప్రశ్న అడిగిన చెల్లెలు జడ్చర్లలో ఉంటుందట. వయసు 27, ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. దగ్గర్లో బ్యాలే నేర్పేవాళ్ళు లేక మూడు నెలలుగా ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ వంటింటి గట్టు పట్టుకొని బార్ చేస్తోంది. బార్ అంటే చేయి ఆనించే కడ్డీ, దాని దగ్గర చేసే సాధనకూ అదే పేరు. ఫస్ట్ పొజిషన్‌లో, అంటే మడమలు కలిపి వేళ్ళు బయటికి పెట్టి నిలబడటంలో, పాదాలు రెండూ ఒకే గీత మీదకు తెచ్చేసరికి కుడి మోకాలు లోపలి వైపు నొప్పి. టెక్నిక్ సరిగ్గా రావాలంటే ఏం చేయాలి, ఎన్ని రోజులు పడుతుంది, పాయింట్ షూస్ (వేళ్ళ కొసల మీద నిలబడటానికి వేసుకునే బూట్లు) ఎప్పుడు కొనుక్కోవచ్చు అని అడిగింది.

జవాబు ముందే చెప్తానమ్మా. ఇంట్లో బార్ చేయొచ్చు, మొదటి మెట్ల వరకు బాగానే వస్తుంది. కానీ పాదాలు అంత తెరవకండి. తుంటి ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలి. నొప్పి పోయేదాకా పాదాలు తిన్నగా పెట్టుకోండి, మోకాలు వంచే పనులు ఆపండి. ఆ తర్వాత బార్ వైపు ముఖం పెట్టి, రెండు చేతులూ ఆనించి, ప్లియే (మోకాళ్ళు వంచి దిగడం), టాన్‌డ్యూ (కాలు చాపడం), రెలవే (మడమలు ఎత్తి లేవడం) అనే మూడు మాత్రమే మూడు నెలలు చేయండి. వీడియోలో ఇంకా ఎన్ని చూపించినా సరే, మూడే.

నేను ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మీరు చేసిన తప్పే నేనూ చేశాను. మాది నల్లగొండ. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను, ముప్పై ఒకటో ఏట హైదరాబాద్‌లో ఒక బ్యాలే క్లాసులో చేరాను. వారానికి రెండుసార్లు బస్సులో పోయి రావడం. అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడే భంగిమ) వచ్చినదాన్ని కదా, పాదాలు తెరవడం నాకో లెక్కా అనుకున్నాను. నాలుగో నెలలో మెట్లు దిగలేకపోయాను. ఇప్పుడు పదకొండేళ్ళుగా మా మేడ మీది గదిలో పెద్దవాళ్ళకూ పిల్లలకూ మొదటి పాఠాలు నేర్పుతున్నాను. గొప్ప స్టేజీ డాన్సర్‌ని కాను. మోకాలు పాడుచేసుకొని మళ్ళీ దారిలో పెట్టుకున్నదాన్ని, అంతే.

మోకాలు ఎందుకు నొస్తుంది

మోకాలు ప్రధానంగా తలుపు బందులాంటి కీలు. ముందుకూ వెనక్కూ ఆడుతుంది. నిటారుగా ఉన్నప్పుడు పక్కకు తిరగడం దాదాపు ఉండదు. వంచినప్పుడు మాత్రం కొంచెం తిరుగుతుంది. మోసం ఇక్కడే జరుగుతుంది. పాదాలు తెరుచుకోనప్పుడు మనం ఏం చేస్తాం? కాస్త మోకాళ్ళు వంచి, పాదాలను పక్కలకు జరిపి నేలకు అదిమిపెట్టి, అప్పుడు కాళ్ళు నిటారు చేస్తాం. అద్దంలో చూస్తే ఫస్ట్ పొజిషన్ అద్భుతంగా కనిపిస్తుంది. తొడ ఎముక మాత్రం ముందుకే చూస్తోంది, కింది కాలు పక్కకు చూస్తోంది. ఆ మెలిక అంతా మోకాలి లోపలి వైపు పడుతుంది. మీ నొప్పి అక్కడే ఉందంటున్నారు కాబట్టి నాకు పెద్దగా అనుమానం లేదు. అయినా నేను డాక్టర్‌ని కాను. రెండు వారాలు ఆపినా తగ్గకపోయినా, వాపు వచ్చినా, మోకాలు పట్టేసినట్టు అనిపించినా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

అసలు టర్నవుట్ అంటే తొడ ఎముక తల తుంటి గిన్నెలో బయటి వైపుకు తిరగడం. పిరుదుల కండరాల కింద లోతుగా ఉండే ఆరు చిన్న కండరాలు ఆ పనిలో ముఖ్యం. ఆ తిరగడం ఎంతవరకు అన్నది సగం మన చేతుల్లో లేదు. గిన్నె ఏ వైపుకు చూస్తుంది, తొడ ఎముక మెడ ఎంత మెలితిరిగి ఉంది అన్నవి పుట్టుకతో, పెరుగుదలతో వచ్చేవి. పెద్దయ్యాక ఎముకను మార్చలేం, ఉన్న తిరుగుడును వాడుకునే బలం మాత్రం తెచ్చుకోగలం. పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్ళకు రెండు పాదాల మధ్య 90 డిగ్రీలు నిజాయితీగా వస్తే నేను సంతోషిస్తాను. 180 డిగ్రీలు చూపించే వీడియో అమ్మాయి బహుశా చిన్నప్పటినుంచి చేస్తూ ఉండొచ్చు, లేదా ఆమె కూడా మోకాళ్ళను మోసం చేస్తూ ఉండొచ్చు.

మీ లెక్క ఎంతో తెలుసుకోవడానికి ఒక పద్ధతి. నున్నటి బండల మీద రెండు పాదాల కింద రెండు ప్లాస్టిక్ కవర్లు వేసుకోండి. పడిపోకుండా కిటికీ గ్రిల్ గట్టిగా పట్టుకోండి. పాదాలు పక్కపక్కన తిన్నగా, మోకాళ్ళు నిటారుగా. ఇప్పుడు మోకాళ్ళు వంచకుండా, తొడలను మాత్రమే బయటికి తిప్పండి. కవర్ల మీద పాదాలు వాటంతట అవి జారి ఒకచోట ఆగుతాయి. ఆగిన చోట సుద్దముక్కతో గీత గీసుకోండి. అదే మీ ఫస్ట్ పొజిషన్. చూసి దిగులుపడతారు, ముందే చెప్తున్నాను. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. కుడి ఎడమల గీతలు సమానంగా లేకపోతే చిన్నవైపు గీతకే రెండోదాన్ని కూడా సరిచేయండి.

ముందు ఆ గట్టు వదలండి

వంటింటి గట్టు మామూలుగా 32–34 అంగుళాలు ఉంటుంది. పెద్దవాళ్ళకు అది తక్కువ. పైగా చదునుగా ఉంటుంది కాబట్టి అరచేయి మోపి, బరువంతా దాని మీద పెట్టి వంగిపోతాం. బార్ నాభికీ మోచేతికీ మధ్య ఎత్తులో ఉండాలి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి 95 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. ఊళ్ళో వెల్డింగ్ షాపులో అంగుళంపావు జీఐ పైపు, కింద బరువైన కాళ్ళు పెట్టించి చేయించుకోవచ్చు. బయటి మందం 42 మిల్లీమీటర్లు వస్తుంది, వేళ్ళకు చక్కగా సరిపోతుంది. మొదటిసారి చేయించినప్పుడు వెల్డింగ్ చేసే ఆయన "ఇది దేనికమ్మా?" అన్నాడు. "బార్ పెడుతున్నాం" అన్నాను. ఇంకో వారానికి మా వీధిలో సగం మంది మా ఇంటి మీద లైసెన్సు వచ్చిందనుకున్నారు. మీరు "డాన్స్ కడ్డీ" అని చెప్పండి, గొడవ ఉండదు.

పైపు దొరికేవరకు మెట్ల రెయిలింగ్ అయినా మేలే. వేళ్ళతో పాటే బొటనవేలు కూడా పైపు మీదే ఉండాలి. కిందికి చుట్టి గుప్పిట బిగిస్తే భుజం లేస్తుంది. మోచేయి కొద్దిగా వంగి, కిందికి వాలి ఉండాలి. ప్రతి వరుస చివర రెండు సెకన్లు చేయి పైకెత్తి చూసుకోండి. వెనక్కో పక్కకో తూలారంటే అంతసేపూ మీరు పైపుకు వేలాడారన్నమాట.

ప్లియే: అరమండి కాదు

మన దగ్గర కూచిపూడో భరతనాట్యమో పేరిణియో కొంచెమైనా నేర్చుకున్నవాళ్ళందరూ ఇక్కడ ఇరుక్కుంటారు. చూడటానికి డెమి ప్లియే (సగం దిగే ప్లియే), అరమండి ఒకటే: మడమలు దగ్గర, మోకాళ్ళు పక్కలకు, వెన్ను నిటారుగా. చేసేటప్పుడు రెండూ వేరు. అరమండి ఒక కూర్చునే చోటు. అందులో ఉండిపోయి అడుగులు వేస్తాం, బరువు నేలలోకి దిగుతుంది, పాదం బండను కొడుతుంది. ప్లియేలో కూర్చోవడం లేదు. దిగుతూ ఉండగానే లేవడం మొదలవుతుంది. అడుగున ఆగకూడదు. ఊయల చివరిదాకా పోయి తిరిగొచ్చేటప్పుడు ఆగినట్టు కనిపించదే, అలా. ముందు ముందు గెంతులన్నీ ఈ కదలిక మీదే లేస్తాయి కాబట్టి అడుగున కూర్చునే అలవాటు పడితే గెంతు చచ్చిపోతుంది. నాకు ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది. మా టీచరు వెనక నిలబడి "లే, లే" అంటూనే ఉండేది, నేను కూర్చుంటూనే ఉండేదాన్ని.

చేసే తీరు చెప్తాను. మీ సుద్ద గీతల మీద నిలబడండి. పాదం కింద మూడు చోట్ల బరువు తెలియాలి: బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ. నాలుగు లెక్కలకు దిగండి, నాలుగు లెక్కలకు లేవండి. దిగేటప్పుడు మోకాలు రెండో వేలికి సూటిగా పోవాలి. మోకాలు లోపలికి, బొటనవేలి ముందుకు వచ్చిందంటే పాదాలు ఇంకా ఎక్కువ తెరిచి ఉన్నట్టు. దగ్గరికి తెచ్చుకోండి. మడమలు నేల వదలకూడదు. నడుము వెనక్కి పొడుచుకు రాకూడదు, అలాగని పిరుదులు బిగించి కటిని ముందుకు ముడవకూడదు. ఈ రెండో తప్పు వీడియోల వల్ల బాగా పెరిగింది. "టక్, టక్" అని విని అందరూ తోక ముడిచిన కుక్కలా నిలబడుతున్నారు. అలా ముడిస్తే తుంటి తిరగడం కూడా తగ్గిపోతుంది. పైకి లేచేటప్పుడు తొడల లోపలి భాగాలు దగ్గరికి వస్తున్నట్టు అనుకుంటే మోకాళ్ళు వెనక్కి కొట్టుకోకుండా నిటారవుతాయి.

ఫస్ట్‌లో నాలుగు, సెకండ్‌లో నాలుగు చాలు. సెకండ్ అంటే అవే కోణాలు, మధ్యలో అడుగు, అడుగున్నర ఖాళీ. గ్రాండ్ ప్లియే, అంటే పూర్తిగా దిగడం, మొదటి మూడు నెలలూ వద్దు. తర్వాత కూడా సెకండ్‌లో మాత్రమే మొదలుపెట్టండి. అందులో మడమలు కిందే ఉంటాయి కాబట్టి మోకాలికి కాస్త నయం. మిగతా పొజిషన్లలో అడుగుకు దిగేసరికి మడమలు లేస్తాయి, బరువంతా బాగా వంగిన మోకాలి మీద ఉంటుంది.

లెక్కకు పియానో పాటే ఉండాలని లేదు. ఒక్కో లెక్కకు ఒక్కో "తకిట" అనుకోండి, మెల్లగా. తిశ్ర నడక ప్లియేకు కుదిరినంత హాయిగా ఇంకేదీ కుదరదు. టాన్‌డ్యూకు "తకధిమి".

టాన్‌డ్యూ

కాలు చాపడమే, కానీ పని అంతా పాదం నేలను తుడుచుకుంటూ పోవడంలో ఉంది. మొదట పక్కకు చేయండి, అది తేలిక. పాదం మొత్తం నేల మీదే జారాలి. ముందు మడమ లేస్తుంది, తర్వాత పాదం మధ్య భాగం, చివరికి వేళ్ళ కొసలు మాత్రం నేలను తాకుతూ ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు అదే దారిలో వెనక్కి: వేళ్ళు, వేళ్ళ మొదళ్ళు, మడమ. కొసల మీద బరువు అసలు ఉండకూడదు. ఎవరైనా ఆ కాలును పక్కకు లాగినా మీరు పడిపోకూడదు.

రెండు తప్పులు ఎక్కువ చూస్తాను. ఒకటి, వేళ్ళను గుప్పిటలా లోపలికి ముడవడం. దాంతో పాదం అడుగున కండరం పట్టేస్తుంది. వేళ్ళు పొడవుగా సాగాలి. రెండోది, చాపిన పాదం చీలమండ దగ్గర కొడవలిలా లోపలికి వంగడం. ఇంగ్లీషులో కూడా దాన్ని సికిల్ అనే అంటారు. పై నుంచి చూస్తే కాలి ఎముక నుంచి రెండో వేలి దాకా ఒకే గీత ఉండాలి.

ముందుకు చాపేటప్పుడు మడమ దారి తీయాలి, వచ్చేటప్పుడు వేళ్ళు ముందు రావాలి. వెనక్కి చాపేటప్పుడు దానికి తలకిందులు: వేళ్ళు ముందు పోతాయి, మడమ ముందు వస్తుంది. వెనక్కి చాపడం మొదటి నెల వద్దు. తుంటి తెరుచుకుపోయి, నడుము వంగిపోయి, నిలబడిన కాలు మోకాలి దగ్గర సడలిపోయి, అన్ని తప్పులూ ఒకేసారి వస్తాయి.

చాలామంది చూడని విషయం నిలబడిన కాలు. టాన్‌డ్యూ చేసే కాలు అందరికీ కనిపిస్తుంది, అలసిపోవాల్సింది రెండోది. మా దగ్గరికి దేవరకొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు, వాలీబాల్ ఆటగాడు. కాళ్ళలో బలం బాగా ఉంది. పదహారు టాన్‌డ్యూలు చేసి "ఇందులో ఏముంది అక్కా, ఏం నొస్తలేదు" అన్నాడు. చేతులు తీయమన్నాను. మూడోదానికే నిలబడిన కాలు తొడ వణికింది. అప్పటిదాకా పైపే అతని రెండో కాలు.

రెలవే గురించి తక్కువే చెప్తాను. పాదాలు తిన్నగా పెట్టి, రెండు చేతులూ ఆనించి, వేళ్ళ మొదళ్ళ మీదకు రెండు లెక్కలకు లేచి నాలుగు లెక్కలకు దిగండి. ఎనిమిది చొప్పున రెండుసార్లు. చీలమండలు చిటికెనవేలి వైపుకు పడిపోకుండా రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి పట్టుకోండి. బంతి జారిందంటే చీలమండ వాలిందని. మీ మోకాలు తగ్గేలోగా ఇది మాత్రం చేసుకోవచ్చు, నొప్పి లేకపోతేనే.

డెగాజే, రాన్ ద జాంబ్, ఫాండు, ఫ్రాప్పే, కాలు బాగా పైకెత్తడం, బార్ దగ్గరి ఈ మిగతా కదలికలన్నీ తర్వాత ఆ వరుసలోనే వస్తాయి. చిన్నవి, నెమ్మదివి ముందు. పెద్దవి, వేగమైనవి చివర. కీళ్ళు వేడెక్కే క్రమం అది. డెగాజే అంటే నేల వదిలిన టాన్‌డ్యూనే కదా, టాన్‌డ్యూ బాగులేకుండా అది బాగుపడదు. 1661లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ నాట్య అకాడమీ పెట్టించిన కాలం నుంచి పేర్లు ఫ్రెంచిలోనే నడుస్తున్నాయి. అయిదు పాదస్థానాలను క్రమపరిచింది ఆయన నాట్యగురువు పియేర్ బోషాఁ అని చెప్తారు. పేర్లు పలకడం రాలేదని సిగ్గుపడకండి, ఎవరూ అడగరు.

నేల, బట్టలు, అద్దం

మన వైపు ఇళ్ళలో షాబాద్ బండలో, తాండూరు బండలో, గ్రానైటో ఉంటాయి. కింద ఏ మాత్రం సాగని నేల. గెంతులు ఆ నేల మీద పూర్తిగా వద్దు. బార్‌కు పర్వాలేదు కానీ మడమలకు నొప్పి వస్తుంటే ఒక మందపాటి జంఖానా పరిచి, దాని మీద ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు వేసుకోండి. అంచులు కదలకుండా చూసుకోండి. యోగా మ్యాట్ మీద మాత్రం చేయకండి. పాదం దానికి అతుక్కుంటుంది, పైనున్న కాలు తిరుగుతుంది, మళ్ళీ మోకాలికే దెబ్బ. ప్లియే, రెలవేలకు ఉత్త పాదాలు మంచివి. టాన్‌డ్యూకు పలుచటి కాటన్ సాక్సు వేసుకోవచ్చు, నిలబడిన కాలికి వద్దు, జారుతుంది. కాన్వాస్ బ్యాలే షూస్ కొనుక్కుంటే ఈ తంటా ఉండదు.

మోకాళ్ళు కనిపించే బట్టలు వేసుకోండి. నైటీలో చేస్తే ఏం తప్పు జరుగుతోందో మీకే తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమైనా అంటారనుకుంటే లెగ్గింగ్ మీద కుర్తా పక్కలు ముడివేసుకోండి, నేనూ అలాగే మొదలుపెట్టాను.

బీరువా అద్దం ఎదురుగా పెట్టుకుంటే చాలు, కానీ పక్కకు తిరిగి మెడ తిప్పి అద్దం చూడకండి. దానికంటే ఫోను మేలు. నేలకు దగ్గరగా స్టూలు మీద పెట్టి ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి రికార్డు చేయండి. ముందు నుంచి చూస్తే మోకాలు-రెండో వేలు గీత, పక్క నుంచి చూస్తే నడుము తెలుస్తాయి. వీలైతే నెలకోసారి హైదరాబాద్ పోయి ఒక టీచరుతో చూపించుకోండి. ఒక గంటలో ఆమె చేయి పెట్టి సరిచేసేది నేను ఇక్కడ పది పేజీలు రాసినా రాదు.

ఎన్ని రోజులు? వారానికి నాలుగు రోజులు, రోజుకు 30–35 నిమిషాలు. ముందు అయిదు నిమిషాలు గదిలోనే చురుగ్గా నడవండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున వద్దు, నిద్ర లేని కాళ్ళు మాట వినవు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు తెల్లారుజామున అయిదున్నరకే ముగించుకోవాలి. ఇలా చేస్తే నా విద్యార్థుల్లో ఎక్కువమందికి మూడు నాలుగు నెలల్లో చేయి వదిలి టాన్‌డ్యూ చేసే నిలకడ వచ్చింది. ఒకామెకు ఎనిమిది నెలలు పట్టింది, ఇప్పుడు అందరికంటే శుభ్రంగా చేసేది ఆమే.

ఇంకొక జాగ్రత్త. తొడలు తెరుచుకోవాలని ఎవరితోనైనా మోకాళ్ళు తొక్కించుకోవడం, పిట్టగోడ మీద కాలు పెట్టి వంగడం లాంటివి చేయకండి. మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సీతాకోకచిలుక భంగిమలో కూర్చొని తమ్ముణ్ణి తొడల మీద నిలబడమంది. గజ్జల్లో నొప్పి నాలుగు నెలలు పోలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు చదివితే ఒక మాట: మీకు నడుము, కీళ్ళు పొద్దున బిగుసుకుపోతున్నట్టు ఉంటే సాగదీసి బాగుచేసుకుందామని చూడకండి, ముందు డాక్టర్‌కు చూపించుకోండి. మా చిన్నత్త మోకాళ్ళు, మెడ చూసి పెరిగాను కాబట్టి చెప్తున్నాను.

కండరం నొప్పి మర్నాడు తొడల్లో, పిక్కల్లో బరువుగా ఉంటుంది, కొన్ని రోజుల్లో పోతుంది. కీలు నొప్పి చేసేటప్పుడే ఒక చోట పొడుస్తుంది. మొదటిది ఉన్నా చేయొచ్చు. రెండోది వస్తే ఆ రోజుకు అక్కడే ఆపేయాలి.

చివరగా పాయింట్ షూస్. టీచరు కళ్ళ ముందు కొన్నేళ్ళు శిక్షణ అయ్యాక, చీలమండ బలం చూసి ఆమె చెప్తే కొనేవి అవి. ఒంటి కాలి మీద, చేయి ఆనించకుండా, ఇరవై శుభ్రమైన రెలవేలు కూడా ఇంకా రాలేదు కదా మీకు. కార్ట్‌లో పెట్టానని రాశారు, తీసేయండి. ఆ డబ్బు జీఐ పైపుకూ, రెండు మూడుసార్లు హైదరాబాద్ క్లాసుకూ సరిపోతుంది. సుద్ద గీతల మీద నిలబడి ముందు నుంచి తీసిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, మోకాళ్ళ దాకా చాలు, ముఖం అక్కర్లేదు. చూసి చెప్తాను.